ఏడు గ్రాముల రజను

ఆ పాలిటెక్నిక్‌లో కోర్సులు మూడు. డ్రాఫ్టింగువాళ్లు గీస్తారు, డిజైనువాళ్లు ఆలోచిస్తారు, మెషిన్ టూల్స్‌వాళ్లు కోస్తారు. మూడింటిలో చప్పుడు వచ్చేది మూడోదాంట్లోనే కాబట్టి, కాలేజీలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అనుమానం ముందు అటే పోయేది.

మెషిన్ షాపు ఇన్‌స్ట్రక్టరు ఆదిశేషు ఇరవై ఆరేళ్లుగా ఆరు లేతు మిషన్ల మధ్య బతుకుతున్నాడు. లేతు సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. ఇనుప రాడ్డును బిగించి గిర్రున తిప్పుతారు. తిరుగుతున్న రాడ్డుకు పదునైన టూలు ఆనిస్తారు. అక్కర్లేని ఇనుము చుట్టలు చుట్టలుగా ఊడి కింద ట్రేలో పడుతుంది, కావలసిన షాఫ్టు మిగులుతుంది. ఆ ఊడిపడినదే రజను. లోకమంతా షాఫ్టు చూసి పనివాణ్ని మెచ్చుకుంటే ఆదిశేషు మాత్రం రజను చూసి మెచ్చుకునేవాడు.

"షాఫ్టు అబద్ధమాడుద్దిరా. గరుకు కాయితం పెట్టి రుద్దితే ఎంత వెధవ పనైనా నున్నగా కనపడద్ది. రజను అబద్ధమాడదు" అనేవాడు పిల్లలతో.

చుట్ట పొడుగ్గా, తెగకుండా, మెరుస్తూ వచ్చిందంటే చెయ్యి కుదిరినట్టు. పొడిపొడిగా, చిరుగులు చిరుగులుగా రాలిందంటే టూలు మొద్దుబారిందనో, చెయ్యి వణికిందనో అర్థం. ఆయన మార్కులు కూడా ట్రేలోకి తొంగిచూసే వేసేవాడు.

అలాంటి మనిషి షాపులో ఇకమీదట రజను కనిపించకూడదని జనవరి నెలలో ఆర్డరు వచ్చింది.

ఆర్డరు వేసినవాడు ప్రిన్సిపాలు డాక్టర్ గుణరంజన్. ఆయన డాక్టరేటు ఏ విషయంలో అని అడిగే ధైర్యం కాలేజీలో ఎవరికీ లేదు. ఏదో ఏసీ హోటల్లో రెండు రోజుల సదస్సుకు వెళ్లి, ఒక సంచీ, ఒక మంచినీళ్ల సీసా, ఒక ఆశయం వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. సోమవారం ఉదయమే స్టాఫ్ మీటింగు పెట్టాడు.

"మిత్రులారా! వ్యర్థం అనేది పదార్థం కాదు, ఒక మనస్తత్వం" అని మొదలుపెట్టాడు. "ఈ క్షణం నుంచి మన సంస్థ శూన్య వ్యర్థ ప్రాంగణంగా పరివర్తన చెందుతోంది. మార్చిలో మూల్యాంకన బృందం వస్తుంది. మనకు పంచతార హోదా దక్కాలి. ఈ యజ్ఞానికి సమన్వయకర్తగా మార్కండేయులుగారిని నియమిస్తున్నాను."

మార్కండేయులు ఫిజిక్సు లెక్చరరు. పదార్థం నాశనం కాదని పదిహేడేళ్లుగా చెబుతున్నవాడు కాబట్టి ఈ పనికి తగినవాడేనని అందరూ ఒప్పుకున్నారు. ఆయన అప్పటికే ఒక వారంపాటు ప్రతి శాఖ చెత్తబుట్టనూ తూకం వేయించి పట్టిక తయారుచేశాడు. డ్రాఫ్టింగు శాఖలో పెన్సిలు చెక్కుళ్లు, రబ్బరు పొడి కలిపి వారానికి తొమ్మిది వందల గ్రాములు. డిజైను శాఖ ఇరవై ఏళ్లుగా ఏ వస్తువూ తయారుచేసిన పాపాన పోలేదు కాబట్టి అక్కడ సున్నా. వాళ్లను ఆదర్శ శాఖగా ప్రకటించి చప్పట్లు కొట్టించారు. మెషిన్ షాపు దగ్గరికి వచ్చేసరికి మార్కండేయులు పట్టికను కళ్ల దగ్గరికి తెచ్చుకుని మరోసారి చూసుకున్నాడు.

"పద్దెనిమిది కిలోలు!"

"ఆదిశేషుగారూ, మీరు సంస్థ మీద వారానికి పద్దెనిమిది కిలోల భారం మోపుతున్నారు" అన్నాడు ప్రిన్సిపాలు బాధగా.

ఆదిశేషు లేచి నిలబడ్డాడు. "భారమేంటండి బాబూ, అది రజనండి. పాతినుప కొట్టతను పట్టుకెళ్తే మళ్లీ కరిగించి రాడ్డు చేస్తారండి. లేతు తిరిగితే రజను రాలుద్దండి మరి. దోసకాయ చెక్కమని, తొక్క మాత్రం ఊడకూడదంటే ఎలాగండి?"

"పోలికలు వ్యర్థ మనస్తత్వానికి తొలి లక్షణం" అని మార్కండేయులు మినిట్సులో రాసుకున్నాడు.

ఆదిశేషు బాధ తన ట్రేల గురించి కాదు. ఏటా ఏప్రిల్లో పంపుసెట్లు తయారుచేసే ఒక కంపెనీ ఫైనలియరు పిల్లలకి చేతిపని పరీక్ష పెడుతుంది. ఒక డ్రాయింగు ఇచ్చి, ఒక రాడ్డు ఇచ్చి, రెండు గంటల్లో షాఫ్టు తియ్యమంటుంది. తీసినవాళ్లకి ఉద్యోగం. ఈ ఏడాది ఖాళీలు పన్నెండు. షాపులో పిల్లలు ఇరవై ఇద్దరు. వాళ్లు లేతు మీద చెయ్యి పెట్టాల్సిన ఆఖరి సెమిస్టరు సరిగ్గా ఆ జనవరిలోనే మొదలైంది.

ఆ ఇరవై ఇద్దరిలో పితాని సత్యవేణి ఒకతి. తండ్రి గోదావరి ఒడ్డున పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. చిన్నప్పటినుంచీ ఆ షెడ్డులో పెరిగిన పిల్ల. గీత గీస్తే దారం లాగినట్టుండేది. తండ్రి దగ్గర పనిచేసే మెకానిక్కులు, "ఆడపిల్లవి, నీకు లేతెందుకే?" అని నవ్వితే, "ఏప్రిల్లో ఉద్యోగం కాయితం తెచ్చి మీ మొహాలకి చూపిస్తాను, చూడండి" అని అందరి ముందూ మాటిచ్చేసింది. మాట అయితే ఇచ్చింది గానీ, ఇప్పటివరకూ ఆ పిల్ల ఒక్క ముక్క ఇనుము కోసింది లేదు.

"మరెలాగండి సార్?" అంది ఆర్డరు చదివి.

"కంగారుపడకమ్మా. వీళ్ల ఉత్సాహం వారం రోజులుంటాది, పోద్ది" అన్నాడు ఆదిశేషు.

ఉత్సాహం పోలేదు. రజను రాకుండా లేతు నేర్పే మార్గాన్ని మార్కండేయులే కనిపెట్టాడు. రాడ్డు తిరుగుతుంది, టూలు కదులుతుంది, రెంటికీ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. దీనికి గాలికోత అని పేరు పెట్టారు. పిల్లలు వరసగా నిలబడి రోజుకి మూడు గంటలు గాలిని కోశారు. మొదటి రోజు చూడటానికి వచ్చిన ప్రిన్సిపాలు శుభ్రమైన ట్రేల్లో తన మొహం చూసుకుని మురిసిపోయాడు.

"సార్, కొలత ఎంతొచ్చిందని రాయమంటారండి?" అని మైక్రోమీటరు పట్టుకుని అడిగింది సత్యవేణి.

"ముందెంతుందమ్మా?"

"యాభై మిల్లీమీటర్లండి."

"ఇప్పుడెంతుంది?"

"యాభయ్యేనండి."

"చూశారా, కొలతలో లేశమైనా దోషం లేదు!" అన్నాడు ప్రిన్సిపాలు. ఇరవై ఇద్దరికీ ఇరవై ఐదుకి ఇరవై ఐదు వేయించాడు. కాలేజీ పుట్టాక మెషిన్ షాపులో అన్ని మార్కులు రావడం అదే మొదలు.

డ్రాఫ్టింగు శాఖలో రబ్బరు నిషేధించారు. పెన్సిళ్లు ఇంటి దగ్గరే చెక్కుకుని రమ్మన్నారు, గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు తడిమి చెక్కుడు ముక్కలు లేవని చూసి లోపలికి వదిలేవాడు. చెరపడం లేదు కాబట్టి తప్పు గీతలన్నీ అలాగే ఉండిపోయేవి. ఒక కుర్రాడు గేరుకి ముప్ఫై పళ్లకు బదులు ముప్ఫై ఒకటి గీశాడు. దిద్దితే పొడి రాలుతుంది. అందుకని డిజైను శాఖవాళ్లు కూర్చుని, ఆ ముప్ఫై ఒకటో పన్ను ఎందుకు అవసరమో నాలుగు పేజీల్లో నిరూపించారు.

ఫిబ్రవరిలో ఇంకో మెట్టు ఎక్కారు. గాలికోతలో పిల్లల చేతిలో షాఫ్టు కనిపించడం లేదని ఎవరో అన్నారట. వెంటనే బజారు నుంచి పూర్తిగా తయారైన షాఫ్టులు అరవై కొని తెచ్చారు. పిల్లలు తయారైన షాఫ్టును లేతుకి బిగించాలి, అయిదు నిమిషాలు తిప్పాలి, ఊడదీసి బల్ల మీద పెట్టి దండం పెట్టాలి. దండం సంగతి ఆర్డరులో లేదు గానీ, అంత నున్నటి షాఫ్టు చూసేసరికి పిల్లలకి చెయ్యి దానంతటదే లేచేది.

ఆ వారమే కంపెనీ ఫోర్‌మన్ వీర్రాజు ఫోను చేశాడు. పదేళ్ల కిందట ఆదిశేషు దగ్గర పని నేర్చుకుని వెళ్లినవాడే.

"గురువుగారూ, ఏప్రిల్ ఇరవై మూడున పరీక్షండి. మీ పిల్లలొస్తే నాకు దిగులుండదండి. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

"కళ్లు మూసుకునే తీసుకోరా నాయనా, తెరిస్తే కష్టం" అందామనుకుని, "అలాగేలే" అని ఫోను పెట్టేశాడు ఆదిశేషు. ఇరవై ఆరేళ్లలో తన షాపు నుంచి ఉద్యోగం లేకుండా పిల్లలు వెళ్లిన ఏడాది లేదు. ఇప్పుడా పేరు పోతుందని తల్చుకుంటే ఆయనకి అన్నం సయించలేదు. సత్యవేణి మొహం చూస్తే అసలే సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, మూల ఉన్న ఆరో నంబరు లేతు మీద నిజమైన రాడ్డు బిగించాడు. ట్రేలో తన తువ్వాలు పరిచాడు.

"కొయ్యమ్మా."

"భయంగా ఉందండి."

"నాకూ భయంగానే ఉంది. ఆ మార్కండేయులుగారు వస్తారేమోనని. నువ్వు కొయ్యి."

సత్యవేణి చెయ్యి వణికింది. టూలు కిర్రుమంది. చుట్ట రాలేదు, చిరిగిపోయిన చిన్నచిన్న ముక్కలు టపటపా రాలాయి. అయినా ఆ పిల్ల మొహం దీపావళి నాటి ఇల్లులా వెలిగింది. అదే సమయానికి కిటికీ అవతల టిక్కు టిక్కుమని చప్పుడైంది. మార్కండేయులు ఒక పెద్ద అయస్కాంతాన్ని తాడుకి కట్టి, నేల మీద ఈడ్చుకుంటూ ఆవరణంతా తిరుగుతున్నాడు. ప్రయోగశాలలో ఆ అయస్కాంతం పదిహేడేళ్లలో ఇంత పనిచేసి ఎరగదు.

తలుపు తోసుకుని వచ్చాడు. తువ్వాల్లోవి, తువ్వాలు దాటి నేల మీద పడ్డవి, అన్నీ అయస్కాంతానికి అంటించుకున్నాడు. కెమిస్ట్రీ ల్యాబు త్రాసులో తూచారు. సరిగ్గా ఏడు గ్రాములు. కవర్లో పెట్టి, తేదీ వేసి, లక్క ముద్ర కొట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి ప్రిన్సిపాలు బీరువాలో దాచారు. ఆదిశేషుకి మెమో ఇచ్చారు. 'సంస్థ ఆశయాలకు ఏడు గ్రాముల మేర విఘాతం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?'

ఆదిశేషు అదే కాగితం వెనక జవాబు రాశాడు. 'తమరి మెమో అందినది. ఏడు గ్రాములు నిజమే. పిల్లలు పరీక్ష గట్టెక్కాలంటే ఇంకా చాలా కిలోలు కొయ్యాలి. దయచేసి అనుమతి ఇప్పించగలరు.' దాంతో ఆయన మీద విచారణ సంఘం కూడా వేశారు.

మార్చి పన్నెండున మూల్యాంకన బృందం వచ్చింది. ముగ్గురు మనుషులు, నలభై ఒక్క గడుల ఫారం. పెద్దాయన పేరు పరాంకుశం. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లకేసి చూడడు, ఫారంకేసి చూస్తాడు. గేటు దగ్గర 'వ్యర్థం సున్నా, విద్య మిన్న' అని ఫ్లెక్సీ కట్టారు. ప్రిన్సిపాలు కొత్త సూటు వేసుకున్నాడు.

"నాలుగో గడి. సంస్థలో ఉత్పన్నమగు వ్యర్థం, కిలోల్లో?" అన్నాడు పరాంకుశం.

"సున్నా" అన్నాడు ప్రిన్సిపాలు రొమ్ము విరుచుకుని.

"అయిదో గడి. సదరు వ్యర్థమును వేరుచేయు విధానం?"

"వ్యర్థమే లేదండీ."

"విధానం లేదు. సున్నా మార్కులు. ఆరో గడి. సదరు వ్యర్థమును నిలువచేయు స్థలం?"

"లేనిదాన్ని ఎక్కడ నిలువ చేస్తామండీ?"

"స్థలం లేదు. సున్నా."

అలా నలభై ఒకటో గడి దాకా వెళ్లారు. చివర్న పరాంకుశం కళ్లజోడు తీశాడు. "వెయ్యికి నలభై మార్కులు. ఆ నలభై కూడా ఫ్లెక్సీకి."

"అయ్యా, ఇది శూన్య వ్యర్థ పథకం కదా! మేం శూన్యం సాధించాం కదా!" ప్రిన్సిపాలు గేటు ఫ్లెక్సీకేసి చెయ్యి చూపించాడు.

"శూన్యం గమ్యం. గమ్యానికి మార్కులుండవు, ప్రయాణానికే ఉంటాయి. వ్యర్థం లేని సంస్థ అంటే వ్యర్థ నిర్వహణలో అనుభవం లేని సంస్థ. పక్క జిల్లా కాలేజీ చూడండి, కాలు పెట్టడానికి చోటు లేదు. నాలుగు తారలిచ్చాం." పరాంకుశం ఫారం మడిచాడు. "ఏప్రిల్ ముప్ఫైన మళ్లీ వస్తాం. లోహ వ్యర్థానికి ప్రత్యేక ప్రోత్సాహం ఉంది. ఐదు వందల కిలోలు చూపిస్తే పూర్తి మార్కులు. ఒక్క గ్రాము తగ్గినా ఏమీ రావు. నిబంధన."

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. మర్నాడు పొద్దున్నే కొత్త ఆర్డరు వచ్చింది. 'మెషిన్ షాపు సిబ్బంది, విద్యార్థులు షాఫ్టుల ఉత్పత్తి అనే సంకుచిత దృక్పథాన్ని విడనాడి, రజను ఉత్పత్తిపై ఏకాగ్రత వహించవలెను. విద్యార్థికి లక్ష్యం ఇరవై మూడు కిలోలు. లక్ష్యం చేరనివారిని పరీక్షకు అనుమతించరు.' లారీడు రాడ్లు వచ్చి దిగాయి. విచారణ సంఘం రద్దు కాలేదు గానీ, దానికి ఇంకేం విచారించాలో తెలియక రోజూ కూర్చుని టీ తాగేది.

డ్రాఫ్టింగు పిల్లలు రోజుకో రబ్బరు అరగదీయాలన్నారు. గీసి చెరపడం ఆలస్యమవుతోందని కొందరు గీయకుండానే చెరిపారు. డిజైను శాఖవాళ్ల ఆదర్శ శాఖ బిరుదు ఊడబెరికి, ఆలోచనలన్నీ కాగితం మీద పెట్టి, నలిపి, పారేయమన్నారు. ఇరవై ఏళ్లలో ఆ శాఖ నుంచి ఏదైనా బయటికి రావడం అదే మొదలు.

మెషిన్ షాపులో ఆరు లేతులూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఏకధాటిగా తిరిగాయి. ఆదిశేషు ఆర్డరును కళ్లకద్దుకుని, తన దారిన తాను పని నేర్పాడు. యాభై మిల్లీమీటర్ల రాడ్డును ముందు నలభై ఎనిమిదికి కోయించేవాడు, వందో వంతు తేడా రాకుండా. కొలిచి, దిద్ది, మళ్లీ నలభైకి. దానికి మెట్లు, మరలు. మళ్లీ ముప్ఫైకి. అలా ఒక్క రాడ్డులో అయిదు షాఫ్టులు తీయించేవాడు, అయిదోది పెన్సిలంత సన్నంగా వచ్చేది. ఆ పెన్సిలును కూడా కోసి రజను చేసేసి, ఇంకో రాడ్డు ఎత్తుకునేవాళ్లు. పనిలో తప్పు వచ్చినా దండగ లేదు, తప్పూ రజనే అవుతుంది. ఇంత ఇనుము కోసే అదృష్టం అంతకుముందు ఏ బ్యాచికీ పట్టలేదు.

ఒకరోజు ప్రిన్సిపాలు వచ్చి చూసి చిరాకుపడ్డాడు. "ఈ కొలవడాలేమిటి ఆదిశేషుగారూ? మైక్రోమీటరు పెడితే రజను రాలుతుందా? కాలహరణం!"

"అదేంటండీ అలాగంటారు!" అన్నాడు ఆదిశేషు అమాయకంగా. "కొలిస్తేనే గదండీ ఎంత ఊడిందో తెలిసేది. రేపు బృందంవాళ్లు అడిగితే, 'మా రజనుకి మిల్లీమీటరులో వందో వంతుదాకా లెక్కుంది' అని తమరు చెప్పొద్దాండి?"

ప్రిన్సిపాలు కళ్లు చెమర్చాయి. "సూక్ష్మస్థాయి వ్యర్థ గణన!" అని అక్కడికక్కడే పేరు పెట్టేశాడు. ఆ రోజు నుంచి షాపుకి ఇంకో నాలుగు మైక్రోమీటర్లు మంజూరయ్యాయి.

ఏప్రిల్ ఇరవై మూడున పరీక్ష జరిగింది. సత్యవేణి రెండు గంటల పని గంటా పది నిమిషాల్లో ముగించి, షాఫ్టు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంది. కట్టుకోకపోతే అలవాటు కొద్దీ చెయ్యి మళ్లీ లేతు మీదికి పోతుందని భయం. పక్కనున్న త్రిమూర్తులు చేతులు కట్టుకోలేదు. వాడు అందరికంటే ముందు షాఫ్టు పూర్తిచేసి, ఆగకుండా దాన్ని కోసుకుంటూ పోయి, వీర్రాజు వచ్చేసరికి అగ్గిపుల్లంత చేశాడు.

"ఏంట్రా ఇది? షాఫ్టేది?"

"రజనండి" అన్నాడు త్రిమూర్తులు ట్రే చూపించి.

వీర్రాజు తిట్టబోయి, ట్రేలోకి తొంగిచూశాడు. మూర పొడుగున తెగకుండా మెరుస్తున్న చుట్టలు. ఆయన నేర్చుకున్నదీ ఆదిశేషు దగ్గరే. ఇంకో రాడ్డు తెచ్చి ఇచ్చి, "ఈసారి ఆగు" అన్నాడు.

పన్నెండు ఖాళీలకీ పన్నెండుమందీ ఆ షాపు పిల్లలే. లిస్టులో మొదటి పేరు సత్యవేణి. కాయితం పట్టుకుని తండ్రి షెడ్డుకి వెళ్తే నవ్విన మెకానిక్కులు పకోడీ పొట్లాలు తెప్పించారు. ఈ సంగతి ఫోనులో విన్న ఆదిశేషు ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఏప్రిల్ ముప్ఫైన పరాంకుశం కాటా పట్టుకుని దిగాడు. మైదానంలో పదేసి కిలోల చొప్పున యాభై బస్తాల రజను పేర్చారు. ఒక్కొక్కటే తూచారు. నలభై తొమ్మిది బస్తాలు సరిపోయాయి. యాభయ్యోది తొమ్మిది కిలోల తొమ్మిది వందల తొంభై మూడు గ్రాముల దగ్గర ఆగింది.

"ఏడు గ్రాములు తక్కువ" అన్నాడు పరాంకుశం ఫారంతో.

"ఆదిశేషుగారూ, కోయండి! ఏదో ఒకటి కోయండి!" అని అరిచాడు ప్రిన్సిపాలు.

"ఏం కొయ్యమంటారండి? రాడ్లయిపోయినాయి. ఆ కొన్న షాఫ్టులు అరవై కూడా కోసేశాం. గేటు గడియ నిన్ననే అయిపోయిందండి."

"బృందం సమక్షంలో ఉత్పన్నమైనది చెల్లదు" అన్నాడు పరాంకుశం. "పూర్వ తేదీతో, సాక్షి సంతకాలతో, ముద్రతో నిలువచేసినది అయితేనే పరిగణిస్తాం."

మార్కండేయులు అయస్కాంతం అక్కడే వదిలేసి బీరువా వైపు పరుగెత్తాడు.

లక్క పగలగొట్టారు. తేదీ ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, ముద్ర ఉంది. బస్తాలో వంపితే సరిగ్గా పది కిలోలైంది. పంచతార హోదా దక్కింది, మైదానమంతా చప్పట్లు. మెమో రద్దు చేసి, అదే కాగితాన్ని ప్రశంసాపత్రంగా మార్చారు. "ఫిబ్రవరిలోనే ఏడు గ్రాములు భద్రపరచడం ఈ సంస్థ దూరదృష్టికి నిదర్శనం" అని ప్రిన్సిపాలు మైకులో చెబుతున్నాడు.

ఫొటోలకోసం అందరూ అటు తిరిగినప్పుడు ఆదిశేషు యాభయ్యో బస్తాలో చెయ్యి పెట్టి పైనున్న ముక్క ఒకటి తీశాడు. టీసీ పట్టుకెళ్లడానికి వచ్చిన సత్యవేణి గట్టు మీద నిలబడి ఉంది. ఆ ముక్క ఆమె అరచేతిలో పెట్టాడు.

సత్యవేణి దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించింది. "ఎవరిదండీ ఇది? టూలు ఎత్తు సరిగ్గా పెట్టలేదు. మొద్దుబారింది కూడాను. పైగా చెయ్యి వణికిందండి బాబూ, ఎంత అధ్వానంగా ఉందో!"

"నీదేనమ్మా. మొదటిది" అన్నాడు ఆదిశేషు.

ఆ పిల్ల నోరు తెరిచి ఆయనకేసి చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆదిశేషుకి ఎందుకో కళ్లనీళ్లు వచ్చాయి. ఆ ముక్కను చూసి ఇన్ని తప్పులు చెప్పగలిగిందంటే, ఇంక ఆ పిల్లకి తాను నేర్పాల్సింది ఏమీ లేదు.

సత్యవేణి ఆ ముక్కను ఉద్యోగం కాయితంలో మడిచి పర్సులో పెట్టుకుంది. మైదానంలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. తారలొచ్చిన రజనులో ఒక్క గ్రాము కూడా ప్రాంగణం దాటి పోకుండా చూడమని మార్కండేయులుకి అప్పుడే కొత్త ఆర్డరు ఇచ్చినట్టున్నారు. ఆయన తాడు పట్టుకుని గట్టు వైపే వస్తున్నాడు.

"పదమ్మా, పద" అన్నాడు ఆదిశేషు. "ఆ అయస్కాంతం ఇటు రాకముందే గేటు దాటెయ్. గడియ కూడా లేదులే."